ఏడో దిమ్మ ముత్యాలు బిళ్ళల కేసు

మొదటి మాట. గడువుకు పద్నాలుగు రోజులు.

నా పేరు కారి దానమ్మ. ఏడో దిమ్మ, సముద్రం వైపు వరుసలో నాలుగో ఇల్లు. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందని అడగకు. నేను పుట్టిన ఊరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, ఆ కాగితాలూ దాంతోపాటే ఉన్నాయి. చదువు రాదు. అందుకే ఈ చెవిపెట్టె ముందు కూర్చున్నాను. అక్షరం రానివాళ్ళు దీని ముందు నోటితో చెప్పుకుంటే అర్జీ కింద చెల్లుతుందని సర్కారే చట్టం చేసింది. నా మాటల్ని నువ్వు పుస్తకం భాషలోకి దిద్దుతావట. దిద్దుకో. మనుషులు నాతో అన్నవీ, నేను వాళ్ళతో అన్నవీ మాత్రం అన్నట్టే ఉండాలి. వాటి జోలికి వెళ్ళకు.

సంగతి ఇది. నా కోడలు ముత్యాలుకు మూర్ఛ ఉంది. పదకొండేళ్ళుగా ఆరోగ్యం లాంచీ ఇచ్చే బిళ్ళలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటోంది. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ లాంచీ నిన్న వచ్చింది. సిస్టరు ఎస్తేరు రాణి అందరికీ పొట్లాలు ఇచ్చి, ముత్యాలు దగ్గరికి వచ్చేసరికి తల వంచుకుంది.

"ఇదే ఆఖరి పొట్లం మామ్మా. ముత్యాలు పేరు జాబితాలోంచి తీసేశారు. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి నయమైపోయిందట."

"ఎవులికే నయమైపోనాది? మొన్న నాచు కోతలో నా ఒల్లో పడి కొట్టుకున్నది నీ మేనత్తా?"

"పట్టీలో లేదు మామ్మా. నేనేం చెయ్యను?"

పట్టీ అంటే ముత్యాలు ఎడమ మణికట్టుకు ఉండేది. మూర్ఛ ఉన్న ప్రతి మనిషికీ సర్కారు కట్టింది. చెయ్యి అరనిమిషం ఆగకుండా కొట్టుకుంటే మూర్ఛ అని రాసుకుంటుంది. అంతకు తక్కువైతే ఏదో పనిలో ఉందిలే అనుకుంటుంది. ఒడ్డున ఉన్న జాబితా యంత్రం దాన్ని చదువుతుంది. మనిషి వచ్చి ఎలా ఉన్నావమ్మా అని అడగడం మానేసి ఆరేళ్ళయింది.

లాంచీ మళ్ళీ వచ్చేలోపల రుజువు చూపిస్తే పేరు మళ్ళీ ఎక్కిస్తారట. నా మొదటి మాట ఇది: ఈ రెండేళ్ళలో ముత్యాలుకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ నేను పక్కనే ఉన్నాను. పట్టీ అబద్ధం చెబుతోంది.

రెండో మాట. గడువుకు పదమూడు రోజులు.

మూర్ఛకు ఇంత గొడవ దేనికని అక్కడ ఎవరైనా అనుకుంటారేమో. మేం ఉండేది నేల మీద కాదు, సముద్రం మీద తేలే దిమ్మ మీద. దిమ్మ అంచున కూర్చుని, కాళ్ళు గాల్లో వేలాడేసి, మోటారు లాగే తాడు మీదనుంచి నాచు కోస్తాం. కింద పది నిలువుల నీళ్ళు. ముత్యాలు ఈ దిమ్మ మీద అడుగుపెట్టిన ఏడాదే, పని మధ్యలో మూర్ఛ వచ్చి నీళ్ళలో పడింది. నా కొడుకు గౌరీశు దూకి తీశాడు. పుట్టింటికి పంపెయ్యమని పదిమంది చెప్పారు. ఆమెను పంపలేదు. ఆ మాట అన్నవాళ్ళను నా గడప దాటించి పంపేశాను.

ఆ తర్వాత నేనే ఆమెను ఒడ్డు మీది పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. నాలుగు రోజులు వరసలో కూర్చుంటే పేరు ఎక్కించి బిళ్ళలు ఇచ్చారు. వారానికోసారి వచ్చేది నెలకు పడింది, తర్వాత ఏడాదికి రెండుసార్లకు దిగింది. ఈవేళ ఏడో దిమ్మ మీద ముత్యాలు అంత చక్కగా నాచు కోసే మనిషి లేదు. కొత్తవాళ్ళకు కత్తి పట్టడం ఆమే నేర్పుతుంది. అదంతా ఆ బిళ్ళల చలవే. ఊరికే వస్తున్నాయి కదా అని తేలిగ్గా చూడకండి.

ఆమెకు వచ్చేముందు ముక్కుకు ఏదో మాడిన వాసన తగులుతుంది. "అత్తా!" అంటుంది. నేను చేతిలో పని పారేసి, ఆమెను వెనక్కి లాగి పడుకోబెడతాను. మోటారు తాళం పీకి ఆమె ఎడమ గుప్పిట్లో పెడతాను. దిమ్మ అంతా నారతో, గాజుతో అల్లిందే, మా కత్తులూ గాజువే. చేతికందే ఇనుము అంటూ ఉన్నది ఆ జానెడు తాళం ఒక్కటే. ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగుతుంది. మా అమ్మ అలాగే చేసేది, వాళ్ళమ్మా అలాగే చేసేది. రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది.

తాళం పీకితే మోటారు ఆగుతుంది. ఆగితే మోటారు నడిపే ఎర్రప్పడు గోల పెడతాడు.

"ఓలప్పా! నీ కోడలు పడిపోతే నా మోటారు పీక నొక్కీడమేటే? నాకు ఆగుడు రాస్తారే కోపరేటివోల్లు!"

"రాయనీరా! మోటారుకి తాలం ఎడితే మల్లీ తిరుగుతాది. మడిసికి ఏ తాలం ఎడతావు?"

ఇలా నాలుగుసార్లు జరిగింది. సాక్షి కావాలంటే దిమ్మంతా సాక్షే. ఎస్తేరును అడిగితే మనుషుల సాక్ష్యం జాబితాకు ఎక్కదంది. పట్టీని పరీక్ష చెయ్యమని అర్జీ పెడుతున్నాను.

మూడో మాట. గడువుకు పదకొండు రోజులు.

గౌరీశు మెత్తని మనిషి, వాళ్ళ నాన్న పోలిక. పొద్దున చద్దన్నం తింటూ నసిగాడు.

"అమ్మా, ప్రయివేటు పడవోడి కాడ ఆ బిల్లలే దొరుకుతాయంట. ఎలాగోలాగ కొనేద్దుం. ఈ పెట్టెతోటి తగువెందుకు?"

"కొంటే ఏటౌతాది? నయమైపోనాదని జాబితా సెప్పిన మాట నిజమైపోతాది. రేపు మరోలింట్లో మరో ముత్యాలు పేరు కొట్టీసినప్పుడు, కొనుక్కోనేనోల్లు ఏటైపోవాల?"

వాడు చద్దన్నంలోకి వంగాడు. మజ్జిగ పోసుకున్నాడు.

నాలుగో మాట. గడువుకు తొమ్మిది రోజులు.

ఈవేళ ఎస్తేరు చిన్న పడవలో వచ్చి పట్టీని పరీక్ష చేసింది. పట్టీలో ఏ లోపమూ లేదట. చెప్పడానికి ఇంకేమీ లేదు. ఒంట్లో బాగాలేదు.

ఐదో మాట. గడువుకు ఏడు రోజులు.

మొన్న నీకు సగమే చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను.

ఎస్తేరు పట్టీ విప్పేముందు జేబులోంచి చింతగింజంత నల్లటి ముక్క తీసి దానికి ఆనించింది. పట్టీ మీది పచ్చదీపం ఆరిపోయింది.

"ఏటే అది?"

"సూదంటురాయి మామ్మా. ఇది దగ్గరుంటే పట్టీ నిద్రపోతుంది. తీసేస్తే లేస్తుంది. నిద్రపోయినంతసేపూ ఏం జరిగినా రాసుకోదు."

 వెళ్ళి, పనివేళ అయిపోయి ఆగి ఉన్న ఎర్రప్పడి మోటారు తాళం పీక్కొచ్చాను. వాడు అరుస్తున్నా వినలేదు. తాళం కొసన అలాంటి నల్ల ముక్కే ఉంటుంది, మోటారుకు అతుక్కునేది అదే. దాన్ని ముత్యాలు గుప్పిట్లో పెట్టాను. పచ్చదీపం ఆరిపోయింది. తీశాను, వెలిగింది. మళ్ళీ పెట్టాను. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని ఆపేదాకా పెడుతూ తీస్తూనే ఉన్నాను.

నాలుగు మూర్ఛల్నీ చెరిపేసింది పట్టీ కాదు. నా చెయ్యి.

ఎస్తేరు నన్ను పక్కకు తీసుకుపోయింది. "మామ్మా, ఈ మాట పెట్టెకు చెప్పకండి. పట్టీని కావాలని నిద్రపుచ్చితే ఏడాదిపాటు బిళ్ళలు ఇవ్వకూడదని రూలు ఉంది. మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. జాబితాకు తెలియదు."

చెప్పకపోతే రుజువు లేదు, బిళ్ళలు లేవు. చెబితే ఏడాది లేకుండా పోవచ్చు. ఇంటికొచ్చి కూర్చున్నాను. అప్పుడు గౌరీశు అన్నాడు: "రెండ్రోజులు బిల్లలు ఆపితే అదే వొచ్చీత్తాది గదమ్మా. పట్టీ రాసేసుకుంటాది. నీ ఊసే రాదు." వాడి వంక ఎలా చూశానో గాని, లేచి పనికి వెళ్ళిపోయాడు.

ఈ పొద్దున పక్కగుడ్డలు దులుపుతుంటే ముత్యాలు తలగడ కింద బిళ్ళ దొరికింది. మింగినట్టు నటించి దాచింది.

"ఏటే ఇది?"

"అత్తా, నీ మీదకి మాట రాకూడదు. ఒక్కపాలి వొచ్చీసినా సాలు, పట్టీ సెప్తాది. నడుంకి తాడు కట్టుకునే పనికెల్తాను."

"నువ్వు పడితే ఆ తాడు లాగీది ఎవులే? నానే గదా. నాకు బుజం నొప్పి. మింగు."

"అత్తా..."

"మింగు. నోరు తెరు. నాలిక ఎత్తు. ఆ! ఇంకోపాలి బిల్ల దాసినావంటే, మూర్సతో కాదు, నా సేతిలో పోతావు."

నవ్వుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడవలేదనే రాయి.

అక్కణ్ణుంచి తిన్నగా నీ దగ్గరికే వచ్చాను. ఒక మూర్ఛ ఇచ్చి బిళ్ళలు తెచ్చుకునే బేరం నా ఇంట్లో జరగదు. కాబట్టి విను. ముత్యాలు చేతిలో ఇనుము పెట్టింది నేను, కారి దానమ్మను. తెలియక పెట్టానని రాయకు, తెలిసే పెట్టాను. అది పట్టీని పడుకోబెడుతుందని తెలియదు. ఈ రెండు ముక్కలూ విడివిడిగా రాయి, కలిపెయ్యకు. శిక్ష ఏదైనా ఉంటే నా పేరు మీద వెయ్యండి. బిళ్ళలు నావి కావు, ఆమెవి.

ఆరో మాట. గడువుకు నాలుగు రోజులు.

మొన్న జవాబు వచ్చింది. గడువు రోజున లాంచీతో పాటు ఒక డాక్టరు వచ్చి విచారణ చేస్తుందట. పట్టీ నిద్రపోయిన వేళలు జాబితా దగ్గర చాలానే ఉన్నాయట. నీళ్ళు పోసుకునేటప్పుడు తీస్తారు, తోముకునేటప్పుడు తీస్తారు, తీసినప్పుడల్లా అది నిద్రపోతుంది. అందులో మూర్ఛ ఏదో, నీళ్ళు ఏవో చెప్పడానికి ఏం ఆధారం ఉందని అడిగారు.

అడగడం న్యాయమే. రెండు రోజులు ఆలోచించినా నాకేమీ తోచలేదు. ఈవేళ ఎర్రప్పడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో కాగితం.

"సూడప్పా, ఏటి సేసినావో! రెండేల్లలో ఐదు ఆగుల్లంట. ఇంకోటి పడితే మోటారు మరోడికి ఇచ్చీస్తారంట. ఐదూ నీవొల్లే!"

"ఏదీ, ఏటి రాసినారు?"

"ఏటుంటాది? ఏ రోజు, ఏ గంట, ఎన్ని నిమిసాలు ఆగినాదో..."

వాడి మాట పూర్తి కాకముందే లేచి వాడి రెండు చెంపలూ పట్టుకున్నాను. కొడతానేమో అని కళ్ళు మూసుకున్నాడు.

"ఒరే ఎర్రప్పడా! నిమిసాలతో సహా రాసినారేట్రా? బంగారు తండ్రీ! ఆ కాగితం కానీ నీల్లలో పడేసినావో, ఎనకాలే నిన్నూ తోసీత్తాను!"

ఏడో మాట. గడువు రోజు, సాయంత్రం.

డాక్టరమ్మ పేరు వకుళ. ఒడ్డు మనిషి. లాంచీ దిగేసరికి ముఖం పాలిపోయి ఉంది, చేతిలో నిమ్మకాయ వాసన చూస్తూ నిచ్చెన ఎక్కింది. దిమ్మ మీదివాళ్ళంతా నాచు కత్తులు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. ముత్యాలు నా వెనక కూర్చోబోతే రెక్క పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"దానమ్మగారూ, పట్టీని మీరు కావాలనే నిద్రపుచ్చారా?"

"పట్టీని పడుకోబెట్టాలని కాదమ్మా, కోడల్ని లేపాలని. రూలు సదివినోల్లు నువ్వు. అది కావాలని సేసినట్టో కాదో నువ్వే సెప్పు."

ఆమె నవ్వలేదు గాని నిమ్మకాయ కింద పెట్టింది. పలక తీసి పట్టీ నిద్రపోయిన వేళలు చూస్తూ కూర్చుంది. ఎర్రప్పడు తన కాగితం చదవసాగాడు. వాడు చదువుకున్నవాణ్ణని గొంతు సవరించుకున్నాడు కూడా.

"కిందటేడు ఇరవయ్యో వారం, మంగలారం. పొద్దుట తొమ్మిదిన్నర. ఆగుడు నాలుగు నిమిసాలు."

"పట్టీ నిద్ర," అంది డాక్టరమ్మ, "అదే మంగళవారం, తొమ్మిదీ ముప్ఫై ఒకటి. మూడు నిమిషాలు."

రెండోదీ కలిసింది. మూడోదీ కలిసింది. నాలుగోది నిమిషం తేడా లేకుండా కలిసింది.  ఎర్రప్పడు ఐదోది చదవకుండా కాగితం మడవబోయాడు. డాక్టరమ్మ చెయ్యి చాపి తీసుకుంది.

"ఇది మధ్యాహ్నం రెండింటికి. గంటా పది నిమిషాలు ఆగింది. పట్టీ మేలుకునే ఉందే?"

అందరూ ఎర్రప్పడి వైపు చూశారు. "ఆ రోజు ఎండ మెండుగున్నాదండి," అన్నాడు నేల చూస్తూ. "కూసింత నడుం వాల్చినాను."

"అదీ నా మీదే ఎట్టినావేట్రా!" అన్నాను. దిమ్మంతా గొల్లుమంది. డాక్టరమ్మకు కూడా ముఖంలోకి రంగు వచ్చింది.

తర్వాత ఆమె ముత్యాలును అడిగింది, నీకెలా ఉంటుందమ్మా అని. ఆరేళ్ళ తర్వాత ఒక మనిషి అడగడం అదే. ముత్యాలు నలుగురిలో తన జబ్బు గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు. ఈవేళ విప్పింది.

"నాకేటీ గుర్తుండదమ్మా. అత్త సెప్తేనే వొచ్చినట్టు తెలుస్తాది. నయమైపోనాదని జాబితా అంటే నాకు సంతోసమేసినాది. నిజమేనేమో, అత్తే ఎక్కువ సేసి సెప్తందేమో అనుకున్నాను ఒక పూట. కానీ కొరికిన నాలిక నాదే గదమ్మా. అన్నం తింటే మండినాది."

ఆ మాట నాకూ కొత్తే. నా చెయ్యి ఆమె వీపు మీదకు దానంతట అదే పోయింది.

డాక్టరమ్మ అక్కడే పలక మీద తీర్పు పెట్టింది. పేరు మళ్ళీ ఎక్కింది. నాలుగుసార్లు వచ్చింది కాబట్టి సాయంత్రం బిళ్ళ కాస్త పెంచింది. శిక్ష రూలు మాకు తగలదని రాసింది. ఇక మీదట జాబితా ఎవరి పేరు తీసెయ్యాలన్నా ముందు ఒక మనిషి ఇంటికి వెళ్ళి అడిగి తీరాలని పైకి రాస్తానంది. పైకి రాయడం కాదు, ఇక్కడే చదివి వినిపించమన్నాను. వినిపించింది.

అప్పుడు మాకందరికీ చెప్పింది. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ కత్తులూ కొక్కేలూ తీసెయ్యాలి. చేతిలో ఏమీ పెట్టకూడదు, నోట్లో అసలే పెట్టకూడదు, కదలకుండా నొక్కి పట్టకూడదు. ఎంతసేపుందో లెక్కపెట్టాలి. ఐదు నిమిషాలు దాటితే లాంచీకి కబురు పెట్టాలి.

"అయితే ఇనుమువొల్ల తగ్గనేదా?" అన్నాను.

"లేదు దానమ్మగారూ. అది తగ్గే వేళకు అదే తగ్గింది."

ముత్యాలు బిళ్ళ మింగినదానికన్నా కష్టంగా మింగాను ఆ మాటని. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మ చేసింది. అయినా మింగాను.

డాక్టరమ్మ పలక మీద ఇంకేదో చూస్తూ ఉండిపోయింది. నలభై దిమ్మల్లో ఈ ఏడాది నయమైపోయిందని పేరు తీసేసినవాళ్ళలో, పని వేళల్లో పట్టీలు నిద్రపోయినవాళ్ళు ఎందరని అడిగితే యంత్రం పంతొమ్మిది అందట. పంతొమ్మిదిమంది. అన్ని దిమ్మల మీదా ఉన్న ఇనుము మోటారు తాళమే.

"కబురు పంపిస్తాం," అంది ఎస్తేరు.

"పంపు. ఊఁ అంటారు. మల్లీ తాలమే ఎడతారు. నువ్వు సదువుకున్నదానివి, నీకేటి తెలుసనుకుంటారు. నాలాటి ముసల్ది ఎల్లి, నాను తప్పు సేసినాను అంటే ఇంటారు."

లాంచీ మీద మొదట కూర్చున్నది నేనే. ముత్యాలు నా సంచీ అందించింది. గౌరీశు ఏదో అనబోయాడు, ఆమె మోచేత్తో పొడిచింది. ఈ మాట నీకు చెప్పి వెళ్దామని మళ్ళీ దిగి వచ్చాను.

ఎనిమిదో మాట. పదకొండో దిమ్మ చెవిపెట్టె.

ఇది నా దిమ్మ పెట్టె కాదు, అయినా చెవి ఒకటేనట. ఎస్తేరూ నేనూ మూడు దిమ్మలు తిరిగాం. ఎనిమిది పేర్లు మళ్ళీ ఎక్కాయి. ప్రతిచోటా నలుగురిలో నిలబడి నా చేతులు చూపించి, వీటితోనే చెరిపానని చెబుతున్నాను.  

ఈవేళ పదకొండో దిమ్మలో గంటా సూరమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె కొడుక్కి ముప్ఫై ఏళ్ళుంటాయి. మూడు వారాల కిందట పేరు తీసేశారు. బిళ్ళలు అయిపోయి వారమైంది. సూరమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో అలాటి జబ్బేటీ నేదు. నయమైపోనాదని సర్కారే సెప్పినాది. ఎల్లండి."

ఎస్తేరు వెనక్కి తిరగబోయింది. నేను గుమ్మంలోనే చతికిలబడ్డాను.

"ఎల్తానులే. మోకాల్లు నొప్పి, కూసింతసేపు కూకుంటాను," అని నా కేసంతా మొదటినుంచీ చెప్పాను. తాళం సంగతి, పట్టీ సంగతి, ముత్యాలు తలగడ కింద దొరికిన బిళ్ళ సంగతి. లోపల గది తలుపు సందులోంచి ఎవరో వింటున్న నీడ కనబడింది. సూరమ్మ నిలబడే ఉంది.

"సిగ్గు నేదేటే నీకు? తప్పు సేసినానని దిమ్మ దిమ్మకీ తిరిగి సెప్పుకుంటన్నావు!"

"సిగ్గుపడి కూకుంటే నా కోడలికి బిల్లలు వొచ్చీవి కావు. నాకు కోడలే కావాల."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గడప దిగి, నన్ను దాటుకుని, ఈ పెట్టె దాకా నడిచింది. వెనకే నేనూ వచ్చాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. వాళ్ళందరూ వినేలా, మొట్టమొదటిసారి, ఆమె గట్టిగా చెప్పింది:

"మా వోడికి మూర్స ఉన్నాది."